చాక్లెట్టా, పాటలా, బొమ్మా: క్రిస్మస్ నుంచి కనుమ దాకా ఎవరికి ఏమివ్వాలి

డిసెంబరు మధ్యలో నెలగంట పెట్టిన దగ్గర్నుంచి కనుమ వెళ్ళేదాకా మా ఇంట్లో ఇచ్చిపుచ్చుకోవడాలు ఆగవు. క్రిస్మస్‌కు ఎదురింటివాళ్ళు కేకు పంపిస్తారు, ఆ పళ్ళెం ఖాళీగా తిరిగి పంపకూడదు. జనవరి ఒకటిన ఆఫీసులో అందరికీ ఏదో ఒకటి పంచాలి. భోగి రోజు తమ్ముడి కూతురికి భోగిపళ్ళు. మర్నాడు పొద్దున్నే గుంటూరు బ్రాడీపేటలో నాన్న దగ్గరికి ప్రయాణం.

ఒక సంక్రాంతికి నాన్న గదిలో బీరువా మీద ఏడు స్వీటు డబ్బాలు కనిపించాయి. ఒక్కదానికీ రిబ్బను విప్పలేదు. ఆయనకు పదిహేనేళ్ళుగా షుగరు. తెచ్చినవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. పండక్కి వట్టి చేతులతో ఎలా వెళ్తాం అనుకుని తెచ్చారు. అందులో ఒక డబ్బా నాదే. ఆ రోజు నాకు చాలా బాధేసింది. అప్పట్నుంచి ఏది కొనబోయినా ముందు ఒక ప్రశ్న వేసుకుంటున్నాను: ఇది అందుకున్న మనిషి మర్నాడు దీన్ని ఏం చేసుకుంటారు? విజయవాడ బీసెంట్ రోడ్డు దుకాణాల్లో ఆఖరి నిమిషంలో తిరిగేటప్పుడు ఈ ప్రశ్న గుర్తుకురాదు. అందుకే ఇంట్లో కూర్చుని ముందే ఆలోచించుకోవడం మంచిది.

కొనేముందు చూసుకోవాల్సినవి

మొదటిది ఎండ. మన దగ్గర చలికాలం కూడా మధ్యాహ్నం వెచ్చగానే ఉంటుంది. ఇచ్చేది బస్సులో, కారులో ఎంతసేపు ఉంటుందో చూసుకోవాలి. రెండోది ఆరోగ్యం. షుగరు, బీపీ, పళ్ళ బాధ, పల్లీలూ జీడిపప్పూ పడకపోవడం లాంటివి ఆ ఇంట్లో ఎవరికున్నాయో గుర్తు చేసుకోండి. మూడోది, పెద్దవాళ్ళ విషయంలో అందరం మరిచిపోయేది: ఆ వస్తువును వాళ్ళు ఎవరి సాయం లేకుండా వాడుకోగలరా? నాలుగోది, పండగ వెళ్ళాక అది ఆ ఇంట్లో ఏమవుతుంది? తినేది అయిపోవడమే మంచిది. అయిపోనిదైతే దానికి చోటు కావాలి, అపార్ట్‌మెంట్లలో చోటు కరువు. ఇక డబ్బు సంగతి ఎవరిది వారికే తెలుసు. నా వరకు డబ్బుకంటే నేను పెట్టగలిగే సమయమే ఎక్కువ తేడా తెచ్చింది. ఎందుకో పాటల దగ్గర చెబుతాను.

చాక్లెట్: ఎప్పుడు కొంటున్నారన్నదే సగం

చాక్లెట్‌లో ఉండే కోకో వెన్న సుమారు 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మన ఒంటి వేడి 37. అందుకే నాలుక మీద పెట్టగానే కరిగి హాయిగా ఉంటుంది. అదే కారణంతో విజయవాడ ఎండలో సంచిలోనే కరుగుతుంది. ఒక దసరాకు మంచి గిఫ్ట్ ప్యాక్ కొని, మధ్యాహ్నం బస్సులో గుంటూరు తీసుకెళ్ళాను. మధ్యలో ట్రాఫిక్ ఆగింది. దిగి చూస్తే ఇరవై ముక్కలూ కలిసి ఒకటే ముద్ద. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడింది గానీ, పైన తెల్లటి పొర వచ్చింది. పిల్లలు బూజు అనుకున్నారు, పారేశాం.

అది బూజు కాదని తర్వాత తెలిసింది. కరిగిన కోకో వెన్న మళ్ళీ గడ్డకట్టేటప్పుడు పైకి తేలి తెల్లగా కనిపిస్తుంది. రుచి, నునుపు కాస్త తగ్గుతాయి గానీ తింటే ఏమీ కాదు. పాలల్లో కలిపి పిల్లలకు ఇచ్చుంటే సరిపోయేది.

కాబట్టి నా లెక్క ఇది: దసరాకు, దీపావళికి చాక్లెట్ వద్దు. డిసెంబరు చివరి వారం నుంచి సంక్రాంతి దాకా పర్వాలేదు, అదీ పొద్దున్న ప్రయాణమైతే. ఆగి ఉన్న కారులో మాత్రం ఏ నెలలోనూ వదిలేయకండి. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టాలంటే గట్టిగా మూత ఉన్న డబ్బాలో పెట్టండి, లేకపోతే పక్కనున్న ఇంగువ వాసనా, చేపల వాసనా పట్టేస్తుంది. బయటికి తీశాక వెంటనే మూత తీయకుండా కాసేపు ఆగండి. చల్లటి చాక్లెట్‌కు గాలిలోని తడి పడితే పైన చక్కెర కరిగి గరగరలాడుతుంది.

ఇక ఏ చాక్లెట్? షాపులో ఉన్న రకాలన్నీ పెట్టె చూసి కాకుండా, వెనక చిన్న అక్షరాలు చూసి వేరు చేసుకోవచ్చు. ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాస్తారు. మిల్క్ చాక్లెట్లలో చాలావాటికి మొదటి పేరు చక్కెరే, బరువులో దాదాపు సగం అదే. పిల్లలకు ఇష్టం, అందరికీ తెలిసిన రుచి, ఆఫీసులో పంచడానికి తేలిక. నేను అందుకు మించి దాన్నుంచి ఏమీ ఆశించను. 2025 సెప్టెంబరు 22 నుంచి చాక్లెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, కాబట్టి ఎక్కువమందికి పంచేవాళ్ళకు కాస్త తెరిపి.

రెండోది, 'హోమ్‌మేడ్' అని రంగురంగుల కాగితాల్లో చుట్టి అమ్మేది. వీటిలో చాలావరకు కాంపౌండ్ చాక్లెట్‌తో చేస్తారు. అంటే కోకో వెన్న బదులు వేరే నూనెల నుంచి తీసిన కొవ్వు. వేడికి కాస్త ఎక్కువ ఆగుతుంది, ధర తక్కువ, కావలసిన ఆకారంలో పోసుకోవచ్చు. నోట్లో మైనంలా అంటుకుంటుందే తప్ప కరగదు. పుట్టినరోజు రిటర్న్ గిఫ్టుకు సరే. చాక్లెట్ అంటే ప్రాణం పెట్టేవాళ్ళకు ఇవ్వకండి.

మూడోది డార్క్ చాక్లెట్, 60, 70 శాతం అని రాసి ఉండేది. నాకు ఇదే ఇష్టం. మొదటిసారి తిన్నవాళ్ళు చేదంటారు, రెండోసారి అడిగి తీసుకుంటారు. ఇక్కడ మనవాళ్ళకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి తోటల్లో, పామాయిల్ తోటల్లో నీడన పెరుగుతుంది. కాయ కోసి, గింజల్ని గుజ్జుతో సహా పెట్టెల్లోనో కుప్పగానో ఐదారు రోజులు పులియబెడతారు, తర్వాత ఎండబెడతారు. చాక్లెట్ రుచి అంతా ఆ పులిసే రోజుల్లోనే మొదలవుతుంది, సరిగ్గా పులియని గింజకు ఎంత వేయించినా ఆ వాసన రాదు. ఇప్పుడు గోదావరి జిల్లాల కోకోతో చేసిన బార్లు మంచి అట్టపెట్టెల్లో దొరుకుతున్నాయి. అమెరికా నుంచి వచ్చేవాళ్ళు సూట్‌కేసు నిండా చాక్లెట్లు తెస్తారు కదా, తిరిగి వెళ్ళేటప్పుడు వాళ్ళ చేతిలో మన నేల చాక్లెట్ పెట్టి చూడండి. మా బాబాయి కొడుక్కి అలా రెండు బార్లు ఇచ్చాను. అవి అక్కడి స్నేహితులకు చూపించి మరీ పంచాడు.

షుగరు ఉన్నవారికి 'షుగర్ ఫ్రీ' చాక్లెట్ ఇద్దామనుకునేవాళ్ళు ఒక్క క్షణం ఆగండి. వాటిలో తరచూ మాల్టిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. చక్కెర అంత కాకపోయినా అది కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది, ఎక్కువ తింటే విరేచనాలవుతాయి. కొవ్వు ఎటూ ఉంటుంది. 70 శాతం డార్క్ అయినా వంద గ్రాముల్లో పాతిక, ముప్పై గ్రాముల చక్కెర ఉంటుంది. డాక్టరు సరేనంటే ఒక చిన్న ముక్క పంచుకోవచ్చు. డబ్బా మాత్రం చేతిలో పెట్టొద్దు.

భోగిపళ్ళలో రేగిపళ్ళు, చిల్లర, పూలరేకులతో పాటు చాక్లెట్లు కలపడం ఇప్పుడు అన్ని ఇళ్ళలో చూస్తున్నాం. పిల్లలు ఏరుకుంటుంటే ముచ్చటగా ఉంటుంది. గుండ్రటి గట్టి చాక్లెట్లు మాత్రం కలపకండి. నాలుగేళ్ళలోపు పిల్లలకు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. ఇంట్లో కుక్క ఉంటే కింద పడినవన్నీ వెంటనే ఏరెయ్యండి, చాక్లెట్ వాటికి విషం.

మన మిఠాయిలు

దూరం తీసుకెళ్ళాలన్నా, వేడికి ఆగాలన్నా చాక్లెట్‌కంటే ఇవే మేలు. ఆత్రేయపురం పూతరేకులు, బందరు లడ్డు, తాపేశ్వరం కాజా ఎక్కడికి తీసుకెళ్ళినా పరిచయం అక్కర్లేదు. పూతరేకులు నలిగిపోతాయి, అడుగున పెట్టకండి. అయితే సంక్రాంతికి ప్రతి ఇంట్లో అరిసెలు, జంతికలు డబ్బాల నిండా ఉంటాయి. ఆ మూడు రోజుల్లో మనం తీసుకెళ్ళిన స్వీటు ఎవరికీ ఆనదు. క్రిస్మస్‌కు కేకు పంపిన ఇంటికైతే మన చేత్తో చేసిన అరిసెలే సరైన జవాబు. అక్కడ నాకు ఏ సందేహమూ లేదు.

పాటలు: ఎవరూ గిఫ్ట్ అనుకోనివి

విజయవాడ, గుంటూరుల్లో మా నాన్న వయసువాళ్ళకు పొద్దున్న అంటే రేడియోనే. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. భక్తిరంజని వింటూ కాఫీ తాగి పెరిగిన తరం అది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ విజయవాడ సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్. ఆయన గొంతు వినబడితే నాన్న పేపరు పక్కన పెడతారు. అంత ఇష్టం ఉన్న మనిషికి ఏళ్ళ తరబడి స్వీట్లు తీసుకెళ్ళాను.

ఆ ఏడు డబ్బాల సంక్రాంతి తర్వాత ఆయన పుట్టినరోజుకు బ్లూటూత్ స్పీకర్ కొనిచ్చాను. ఆయన దాన్ని జాగ్రత్తగా షోకేసులో పెట్టారు. ఫోనుతో కలపడం రాదు, కలిపినా ఫోను మోగితే అందులోంచి గట్టిగా మోగి ఉలిక్కిపడేవారు. నేనే పక్కన కూర్చుని నేర్పలేదు, ఇచ్చేసి వచ్చేశాను. మరుసటి ఏడాది బటన్లున్న పాటల పెట్టె తీసుకెళ్ళాను. పాత తెలుగు పాటలు అందులోనే నింపి ఉంటాయి, నెట్ అక్కర్లేదు, గుండ్రటి మీట తిప్పితే గాయకుడు మారతారు, ఎఫ్.ఎం. కూడా వస్తుంది. రెండు వేల నుంచి ఆరు వేల దాకా రకరకాలున్నాయి. ఈసారి ఒక పూట ఆయన పక్కనే కూర్చున్నాను. ఏ బటన్ ఎందుకో పెద్ద అక్షరాలతో రాసి వెనక అతికించాను. ఇప్పుడది రోజూ మోగుతుంది.

కొనేవాళ్ళకు ఒక సూచన. వయసు పెరిగేకొద్దీ ముందు సన్నటి, పై స్థాయి శబ్దాలు వినబడటం తగ్గుతుంది. మరీ చిన్న స్పీకర్లో మాట కీచుగా వచ్చి సాహిత్యం అర్థం కాదు. షాపులో సినిమా పాట పెట్టించి వినకండి, వార్తలు గానీ ప్రవచనం గానీ పెట్టించి, నాలుగడుగులు దూరంగా నిలబడి వినండి. మాటలు తెలుస్తుంటే కొనండి.

పాటల యాప్ ఏడాది చందా కాలేజీ పిల్లలకు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు మంచి కానుక. ప్రకటనల బాధ ఉండదు. చేతిలో పెట్టడానికి ఏమీ ఉండదు కాబట్టి, మీకు నచ్చిన పది పాటల పేర్లు ఒక కార్డు మీద రాసి ఇవ్వండి. పెద్దవాళ్ళకు ఇది వద్దు. చందా అయిపోయిన రోజు పాటలు ఎందుకు ఆగాయో తెలియక కంగారు పడతారు.

పిల్లలకు వాయిద్యం కొనిద్దామనుకుంటే ముందు వాళ్ళకు నేర్పబోయే మాస్టారిని అడగండి, తర్వాత కొనండి. వేణువు కొన్ని వందల్లోనే వస్తుంది గానీ, కర్ణాటక సంగీతానికి వేళ్ళు పెట్టే రంధ్రాలు ఎనిమిది ఉండాలి. జాతరలో కొన్నది పనికిరాదు. వయొలిన్ పిల్లల చెయ్యి పొడవును బట్టి పావు, అర, ముప్పావు సైజుల్లో ఉంటుంది. పెద్దయ్యాక పనికొస్తుందని పెద్దది కొంటే ఇప్పుడు చెయ్యి నొప్పి, తర్వాత విసుగు. కీబోర్డు అయితే 61 మెట్లున్నది తీసుకోండి, బొమ్మల దుకాణంలో దొరికే చిన్నది వారం తర్వాత అటకెక్కుతుంది. వాయిద్యంతో పాటు మూడు నెలల ఫీజు కూడా కట్టి ఇస్తేనే అది కానుక అవుతుంది. లేకపోతే ఆ ఖర్చు తల్లిదండ్రుల మీద పడుతుంది.

ఇక డబ్బు అక్కర్లేనిది ఒకటుంది. మా మేనత్తకు గొబ్బి పాటలు, మంగళహారతులు, లాలిపాటలు ఎన్ని వచ్చో లెక్కలేదు. కొన్ని ఇంకెవరికీ రావు. రెండేళ్ళ కిందట భోగికి ముందురోజు మధ్యాహ్నం ఆవిణ్ణి కూర్చోబెట్టి ఫోనులో రికార్డు చేశాను. ఫ్యాన్ ఆపాను, కిటికీలు వేశాను, ఫోను మడిచిన తువ్వాలు మీద పెట్టాను. ఒక్కో పాటకు ముందు అది ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పించాను. పదకొండు పాటలు వచ్చాయి. మధ్యలో ఒక చరణం మరిచిపోయి, "ఆగవే, వస్తుంది" అంటారు, ఆ మాట తీసేయలేదు. అవన్నీ పెన్‌డ్రైవుల్లో ఎక్కించి అక్కచెల్లెళ్ళందరికీ తాంబూలంలో పెట్టి ఇచ్చాను. నేను ఇప్పటిదాకా ఇచ్చిన వాటిలో అంత సంతోషంగా అందుకున్నది ఇంకొకటి లేదు. మీ ఇంట్లో కూడా ఇలా పాడేవాళ్ళు ఉండే ఉంటారు.

నిలిచి ఉండేవి: బొమ్మలు, పుస్తకాలు

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇంటికి కొండపల్లి బొమ్మకు మించింది లేదు. విజయవాడకు ఇరవై కిలోమీటర్ల దూరం, పిల్లల్ని తీసుకెళ్తే తయారీ కూడా చూడొచ్చు. తెల్ల పొణికి అనే తేలికైన కర్రతో భాగాలు చెక్కి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. అంబారీ ఏనుగు, ఎడ్లబండి, దశావతారాలు. ఇవి చూసుకునే బొమ్మలు, ఆడుకునేవి కావు. చిన్నపిల్లల చేతికిస్తే గంటలో చెయ్యో తొండమో ఊడుతుంది. ఆడుకోవడానికైతే ఏటికొప్పాక లక్క బొమ్మలు కొనండి, నున్నగా ఉంటాయి, రంగులు చెట్ల నుంచి తీసినవి. రెండూ ప్రభుత్వ హస్తకళల దుకాణాలైన లేపాక్షి షోరూముల్లో దొరుకుతాయి. సంగీతం ఇష్టపడేవాళ్ళకు బొబ్బిలి వీణ చిన్న నమూనా కూడా బాగుంటుంది.

పుస్తకాలంటారా, జనవరి మొదట్లో విజయవాడలో పుస్తక మహోత్సవం జరుగుతుంది. ఇవ్వాల్సిన మనిషినే వెంట తీసుకెళ్ళి, ఇంత డబ్బులో నీకు నచ్చినవి తీసుకో అనండి.

పక్కపక్కన పెట్టి చూస్తే

| ఏమివ్వాలి | వేడి, ప్రయాణం | షుగరు ఉన్నవారికి | ఎన్నాళ్ళుంటుంది | మీ శ్రమ |
|---|---|---|---|---|
| మిల్క్ చాక్లెట్ | త్వరగా కరుగుతుంది | వద్దు | రెండు రోజులు | ఏమీ లేదు |
| డార్క్ చాక్లెట్ | చలికాలం సరే | చిన్న ముక్క, డాక్టరు సరేనంటే | వారం, పది రోజులు | లేబుల్ చదవాలి |
| మన మిఠాయిలు | ఆగుతాయి | వద్దు | వారం పైన | తక్కువ |
| పాటల పెట్టె | ఇబ్బంది లేదు | మంచిది | ఏళ్ళు | ఒక పూట నేర్పాలి |
| యాప్ చందా | ఇబ్బంది లేదు | ఫోను వాడగలిగితే | ఏడాది | తక్కువ |
| వాయిద్యం | జాగ్రత్తగా మోయాలి | మంచిది | నేర్చుకున్నన్నాళ్ళు | మాస్టారిని వెతకాలి |
| ఇంటి పాటల రికార్డు | ఇబ్బంది లేదు | మంచిది | తరాలు | ఎక్కువ |
| కొండపల్లి బొమ్మ | విరగకుండా చూడాలి | మంచిది | ఏళ్ళు | ఒక ప్రయాణం |

మీ సంగతి ఏది?

ఎదురింటికి, పక్కింటికి అయితే తినేదే ఇవ్వండి. వస్తువు ఇస్తే వాళ్ళు తిరిగి వస్తువు ఇవ్వాల్సి వస్తుంది, అదొక టెన్షన్. ఆఫీసులో ఇరవై మందికి పంచాలంటే ఆకుపచ్చ చుక్క ఉన్న చిన్న చాక్లెట్లు చాలు, ఎవరికీ గుడ్డు అనుమానం ఉండదు. కొత్తగా పెళ్ళైన జంటకు మొదటి సంక్రాంతిని చీరలూ బంగారమూ ఎటూ నింపేస్తాయి. మీరు వాళ్ళకు పాటల చందా, రెండు మంచి డార్క్ బార్లు ఇవ్వండి, వాళ్ళిద్దరికీ ఒక సాయంత్రం దొరుకుతుంది.

పెద్దవాళ్ళు ఒంటరిగా ఉంటుంటే పాటల పెట్టె. కానీ నేర్పడానికి ఒక పూట లేకపోతే అది కొనకండి. ఆ డబ్బుతో ఆటో మాట్లాడుకుని విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ఏదైనా కచేరీకి తీసుకెళ్ళడం మేలు.

చాక్లెట్, పాటలు రెండూ కావాలనేవాళ్ళకు మా ఇంటి పద్ధతి చెబుతాను. కనుమ రాత్రి భోజనాలయ్యాక డాబా మీద చాప వేస్తాం. ఒకే ఒక డార్క్ బారు, తలా రెండు ముక్కలు. నమలకూడదు, నాలుక మీద పెట్టుకుని పాట ఒక చరణం అయ్యేదాకా కరగనివ్వాలి. పిల్లలకు ఇదొక ఆట. నాన్నకు డాక్టరు ఒప్పుకున్న ఒక చిన్న ముక్క.

ఈసారి మేనత్త దగ్గర మిగిలిన పాటలు కూడా ఎక్కించాలి. భోగి రోజు మంటల హడావిడి, పిల్లల గోలలో కుదరదు, అందుకని పదో తారీఖుకే వెళ్తున్నాను. ఆవిడ గొంతుకు మంచిదని మిరియాల పాలు ఫ్లాస్కులో పోసి తీసుకెళ్తాను.